జాతర లెక్క ఆఖరి వరుస నుంచి

సర్పంచ్ కుర్చీలో కొత్తగా కూర్చున్నవాళ్లకు ఊరి జాతర దగ్గరపడేకొద్దీ సలహాలకు కొదవుండదు. స్టేజీ పోయినేటికన్నా పెద్దది వెయ్యమంటారు. డీజే పక్క మండలం నుంచి తెప్పించమంటారు. తైబజారు ఎక్కువ పాడినవాడికే కొట్టెయ్యమంటారు. డబ్బు చాలకపోతే ముందు చేతి నుంచి పెట్టమని, బిల్లు తర్వాత పాస్ చేయించుకోవచ్చని భుజం తట్టి మరీ చెబుతారు. నేను చెప్పబోయేవి వీటికి పూర్తిగా ఎదురు. రచ్చబండ దగ్గర అంటే తలకిందుల మాటలంటారు. అయినా ఒక్కటీ ఊరికే అనడం లేదు. పంచాయతీ డబ్బు ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో, జాతరైన మర్నాడు ఊరు ఎలా ఉంటుందో చూసి, బాధపడి చెబుతున్నవి.

అంచనా కాగితాన్ని తిరగేయండి

జాతర అంచనా కాగితం మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలుసు. పైన షామియానా, స్టేజీ, లైటింగు, సౌండ్ బాక్సులు. వాటి కింద అతిథులకు శాలువాలు, పూలదండలు, భోజనాలు. ఆఖరున, సంతకాలు పెట్టే చోటికి కాస్త పైన, "పారిశుద్ధ్యం, ఇతరములు". డబ్బు పై నుంచి కిందికి ఖర్చవుతూ వస్తుంది కనుక ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి పెట్టెలో ఏమీ ఉండదు.

మీరు ఆఖరి వరుసను మొదట రాయండి. జాతరైన మర్నాడు పొద్దున ఐదింటికి గుడి ముందు నిలబడి ఉన్నామనుకుని రాయండి. యాటలు, కోళ్లు కోసిన చోట ఈకలు, పేగులు, నెత్తురు. చెట్ల కింద విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సీసాలు, కొబ్బరి చిప్పలు. చాటు దొరక్క వేలమంది చెరువు కట్ట వెనక్కి వెళ్లివచ్చిన ఆనవాళ్లు. వాన పడితే ఇదంతా చెరువులోకే. ఎవరు ఎత్తాలి? ట్రాక్టరు ఎన్ని ట్రిప్పులు తిరగాలి, డీజిల్ ఎంత, సున్నం ఎన్ని బస్తాలు, బ్లీచింగ్ ఎంత? కోసిన చోటి వ్యర్థాలను పూడ్చడానికి గుంతలు ఎన్ని, ఎక్కడ? ఆ గుంతలు జాతరకు ముందే తవ్వించాలి. అయ్యాక తవ్విద్దామంటే జేసీబీ దొరికేసరికి కుక్కలు పని మొదలుపెడతాయి. పల్లె ప్రగతి కింద తెలంగాణలో పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు వచ్చాయి. బండి ఉంది కదా అని ధీమాగా ఉండకండి. దాని డీజిల్‌కు డబ్బు పక్కన పెట్టారా లేదా అన్నదే లెక్క.

పంచాయతీ దగ్గర జాతరకు మూడు లక్షలున్నాయనుకుందాం. నేనైతే లక్ష రూపాయలు ముందుగా మర్నాటికి, ఆ తర్వాతి రెండు మూడు రోజులకు విడిగా ఉంచుతాను. ఇంకో లక్ష మరుగుదొడ్లకు, తాగునీటికి. మిగిలిన లక్షలో వీధి దీపాలు, జనరేటరు, బారికేడ్లు, ప్రథమ చికిత్స. స్టేజీకి సున్నా.

మరుగుదొడ్ల గురించి ఇంకో మాట. ఆడవాళ్లవి మగవాళ్లవాటికి రెట్టింపు ఉండాలి. మైదానానికి దూరంగా చీకట్లో కాకుండా దీపం స్తంభం పక్కనే ఉండాలి, లోపల నీళ్లుండాలి. రాత్రంతా జాగారం చేసే జాతరలో చీకటి పడ్డాక నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లను నేను చూశాను. భక్తితో ఉండే ఉపవాసం వేరు, ఇది వేరు. దీనికి పంచాయతీ సిగ్గుపడాలి.

స్టేజీకి రూపాయి ఇవ్వకండి

ఈ మాటకే ఎక్కువ కోపం వస్తుంది. "ఊరి పండగకు ఊరి డబ్బు పెట్టకపోతే ఇంకెందుకు" అంటారు. నా లెక్క ఇది. స్టేజీకి దాతలు దొరుకుతారు. డీజేకి కుర్రాళ్లు చందాలు వేసుకుంటారు. అన్నదానానికి మొక్కుకున్నవాళ్లే బియ్యం బస్తాలు తెచ్చి పడేస్తారు. ఎందుకంటే వీటన్నిటి మీదా పేరు ఉంటుంది; ఫ్లెక్సీ మీదైనా, మైకులో అయినా. సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసే బండికి ఎవరూ చందా ఇవ్వరు. మురుగు కాలువ పూడిక తీయించినందుకు మైకులో ఎవరి పేరూ చదవరు. కాబట్టి దాత తన పేరు రాయించుకోలేని ఖర్చే పంచాయతీ ఖర్చు. మిగతాది ఊరు తనంతట తాను చేసుకుంటుంది, ఎప్పుడూ చేసుకుంటూనే వచ్చింది.

కోటప్పకొండ తిరునాళ్లకు వచ్చే ప్రభలను చూడండి. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు చందాలు వేసుకుని, తమ ఊరి పేరు నిలబెట్టుకోవాలని పట్టుబట్టి కట్టుకునే ప్రభలవి. కోనసీమలో కనుమ రోజు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ల నుంచి ప్రభలు భుజాల మీద వస్తాయి. పంటచేలల్లోంచి, కౌశిక నది దాటించి మోసుకొస్తారు. ప్రభ కట్టడానికి ప్రభుత్వ డబ్బు అక్కర్లేదు. ప్రభ వెళ్లే దారిలో కరెంటు తీగలు తప్పించడానికి, దారి బాగుచెయ్యడానికి, నీళ్లు పెట్టడానికి మాత్రం ప్రభుత్వం కావాలి. ఎవరి పని ఏదో అక్కడ ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు.

చట్టం కూడా దాదాపు ఇదే దారి చూపిస్తుంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. వాటిలో 21వది సాంస్కృతిక కార్యకలాపాలు, 22వది మార్కెట్లు, జాతరలు. అంటే జాతర బాధ్యత మీది కాదని ఎవరూ అనలేరు. కానీ బాధ్యత పేరుతో ఏ డబ్బు పడితే ఆ డబ్బు తీయడానికి లేదు. పదిహేనో ఆర్థిక సంఘం 2021–26కి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం షరతులతో కూడినవి. వాటిలో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడుకోవచ్చు గాని జీతాలకు వాడకూడదన్నారు. సన్మానాలు, సాంస్కృతిక కార్యక్రమాలు, అలంకరణలు, ప్రారంభోత్సవాలకూ వాడకూడదని ఆ మార్గదర్శకాలు చెప్పాయి. ఈ షరతులను తిట్టుకునే సర్పంచ్‌లే ఎక్కువ. నేను తిట్టుకోవద్దంటాను. జాతర మైదానం పక్కన పక్కా మరుగుదొడ్ల సముదాయం, ఒక బోరు, ట్యాంకు, నీళ్లు పోయే కాలువ... ఇవన్నీ అలాంటి షరతుల్లోకే వస్తాయి. ముందు ఏడాదే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో రాయించి, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో ఎక్కించాలి, అంతే. జాతర నెలలో పరుగెత్తితే ఆ డబ్బు కదలదు. ఒకసారి కడితే ఏటా టెంట్ హౌస్‌వాడి దగ్గర అద్దె మరుగుదొడ్లు తెచ్చే పని తప్పుతుంది. జాతర లేని రోజుల్లో సంతకు వచ్చినవాళ్లకూ పనికొస్తుంది.

జాతర రోజుల తాత్కాలిక ఖర్చులు సాధారణ నిధిలోంచి రావాలి. ఇంటి పన్ను, నీటి చార్జీలు, తైబజారు, స్టాంపు డ్యూటీలో వాటా వచ్చి పడేది అందులోనే. అది ఊరి కష్టార్జితం. అందుకే దాన్ని పటాకులుగా కాల్చడం నాకు సమ్మతం కాదు.

ఒకవేళ నిజంగానే కొంత మిగిలితే, ఊళ్లో ఉన్న డప్పు కళాకారులకో, ఒగ్గు కథ చెప్పేవాళ్లకో ఇవ్వండి. వాళ్ల ఆట జాతరలో భాగం, వాళ్ల ఇల్లు మీ ఊళ్లోనే ఉంది.

ఎక్కువ పాటకు ఆశపడకండి

జాతర వల్ల పంచాయతీకి చేతికొచ్చే రాబడి తైబజారు వేలమే. ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు కొట్టడం, ఆ అంకె చూసి పాలకవర్గం మురిసిపోవడం ఆనవాయితీ. ఇక్కడ రాబడి తగ్గినా సరే అంటాను నేను.

పాట ఎంత పైకి వెళితే అంత భారం కింద గాజుల బండి మీద, బొరుగుల గంప మీద పడుతుంది. రెండు లక్షలకు పాడినవాడు మూడు లక్షలు రాబట్టాలనుకుంటాడు. రసీదులో ఒక అంకె ఉంటుంది, చేతిలోంచి గుంజేది ఇంకోటి. కాదన్న బొమ్మలమ్మే ఆయన బండి మూల మీదికి నెట్టేస్తారు. చూసినవాళ్లు ఇది కాంట్రాక్టరు పని అనుకుంటారు. కాదు, ఆ పాటకు మీరు కొట్టిన సుత్తి దెబ్బది.

వేలం మానలేకపోతే తీర్మానంలోనే రేట్లు కట్టండి: తోపుడు బండికి ఇంత, రంగులరాట్నానికి ఇంత. రంగులరాట్నం, జెయింట్ వీల్, సర్కస్ లాంటి పెద్దవాటికి బాగా పెంచండి. గంపలకు పూర్తిగా మినహాయింపు ఇవ్వండి. ఆ రేట్లను మైదానం నాలుగు దిక్కులా పెద్దక్షరాల్లో రాయించి పెట్టండి, అడుగున ఫిర్యాదు చెయ్యడానికి ఒక ఫోన్ నంబరు. వీలైతే వేలమే మాని, పంచాయతీ సిబ్బందితో రసీదు పుస్తకాలు పట్టించి వసూలు చేయించండి. రాబడి యాభై వేలు తగ్గొచ్చు. ఆడిట్‌లో ఎందుకు తగ్గిందని అడగొచ్చు. తీర్మానం కాపీ చూపించండి. ఏ ఊరి జాతరకు వెళితే నాలుగు డబ్బులు మిగులుతాయో గాజుల వాళ్లకు బాగా తెలుసు. వచ్చే ఏడు మీ జాతరకు ఇంకో పది గంపలు ఎక్కువ వస్తాయి.

పెద్ద దాతను వెనక్కి పంపండి

"మొత్తం ఖర్చు నాదే" అని ఒకరు ముందుకొస్తే ఊరంతా దండాలు పెడుతుంది. మీరు పెట్టకండి. గౌరవంగా, చల్లగా వద్దనండి. ఇంటికి యాభై రూపాయల చొప్పున వసూలు చేస్తే వచ్చేది తక్కువే కావచ్చు, కానీ ఆ యాభై ఇచ్చిన ముసలమ్మ గ్రామసభలో లేచి "నా యాభై ఏం చేశారు" అని అడగగలదు. ఒక్కడే ఇచ్చిన లక్షల గురించి ఎవరూ అడగలేరు. పైగా అలా ఇచ్చినవాళ్లు చాలామంది తర్వాత ఏదో ఒక కాంట్రాక్టుకో, ప్రభుత్వ స్థలం పక్కన ప్రహరీకో పంచాయతీ గుమ్మం ఎక్కుతారు. అందరూ అలాంటివాళ్లని నేననను. కానీ అలాంటివాళ్లెవరో జాతరనాడు తేలదు. ఆయన నిజంగా మంచివాడైతే, ఆయన్నీ అందరితోపాటు ఒక ఇంటివాడిగా ఇవ్వమనండి. ఇస్తాడు.

మీ చేతి డబ్బు పెట్టకండి

ఊరు దీన్ని పిసినారితనం అంటుంది. అననివ్వండి. తెలంగాణలో పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిశాక ఏం జరిగిందో అందరం చూశాం. అప్పు చేసి, నగలు కుదువబెట్టి ఊళ్లో పనులు చేయించిన మాజీ సర్పంచ్‌లు పెండింగ్ బిల్లుల కోసం హైదరాబాద్ రోడ్ల మీదికి వచ్చారు, అరెస్టయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిలకు మళ్లించారని సర్పంచ్‌లు ఆందోళనలు చేశారు. ఖాతాలో కనపడే అంకె కూడా పూర్తిగా మీది కాదన్న సంగతి ఇంతకన్నా గట్టిగా ఎవరు చెబుతారు?

కాబట్టి ఖాతాలో ఉండి, ఈ రోజు చెల్లింపు వెళ్లగలిగిన డబ్బుకే బడ్జెట్ రాయండి. "మంజూరైంది", "వస్తుంది", "ఎమ్మెల్యే గారు మాటిచ్చారు" అన్నవి కాగితం మీదికి రాకూడదు. అవి వచ్చిన రోజు ఇంకో తీర్మానం చేసుకోవచ్చు. డబ్బు తక్కువైతే జాతర చిన్నగా జరుగుతుంది. అమ్మవారికి దానివల్ల ఏ లోటూ లేదు. అప్పు చేసి పండగ చేసిన సర్పంచ్ ఇంట్లో మాత్రం ఏళ్ల తరబడి లోటు ఉంటుంది. ఆడకూతురు సర్పంచైన చోట ఆ అప్పు పత్రాల మీద ఆమె పేరు, ఖర్చు పెట్టిన చెయ్యి ఇంకెవరిదో. ఆమెకు ఈ సలహా రెట్టింపు గట్టిగా చెబుతాను.

డబ్బు అడగడం మాని పని అడగండి

మేడారం పేరు చెప్పి ప్రతి మండలంలోనూ ఎవరో ఒకరు, "మన జాతరకూ రాష్ట్ర పండుగ హోదా తెస్తే కోట్లు వస్తాయి" అంటారు. సమ్మక్క సారలమ్మ జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. 2022 జాతరకు రాష్ట్ర ప్రభుత్వం 75 కోట్లు కేటాయించింది. ఆ డబ్బు ప్రధానంగా వెళ్లేది శాఖలకు: రోడ్లు భవనాలు, గ్రామీణ నీటి సరఫరా, పంచాయతీరాజ్, విద్యుత్తు, నీటిపారుదల. పంచాయతీ చేతికి చెక్కు వచ్చి పడుతుందనుకునేవాళ్లు ఈ సంగతి గమనించాలి. రెండేళ్లకోసారి కోటిమంది వస్తారని చెప్పుకునే ఆ అడవిలో జాతర ముగిశాక బయటి నుంచి వచ్చిన పారిశుద్ధ్య కార్మికులు రోజుల తరబడి చెత్త ఎత్తుతూనే ఉంటారు. అంత డబ్బున్న చోట కూడా చివరికి మిగిలేది ఆ పనే.

మీ జాతరకు మీరు రాయాల్సిన ఉత్తరాలు వేరు. మూడు నెలల ముందు, ఒక్కో శాఖకు ఒక్కో ఉత్తరం, ఒక్కో పనికి. విద్యుత్తు శాఖకు: ఫలానా వీధిలో వేలాడే తీగలు పైకి కట్టాలి, తాత్కాలిక కనెక్షన్ కావాలి. ఆర్టీసీకి: ఏ ఊళ్ల నుంచి ఎన్నింటికి జనం బయల్దేరతారో రాసి, ఆ వేళలకు బస్సులు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి: రాత్రిపూట కూడా ఉండే శిబిరం. మిషన్ భగీరథ వాళ్లకు: ఆ రెండు రోజులు వేళ మార్చి నీళ్లు వదలాలని. డబ్బు అడిగితే "చూద్దాం" అన్న జవాబు వస్తుంది. తేదీ, చోటు, పని రాసి అడిగితే, చెయ్యకపోయినప్పుడు ఎందుకు చెయ్యలేదో వాళ్లు రాయాల్సి వస్తుంది. ఉత్తరం కాపీ మీద తేదీ స్టాంపు వేయించుకోవడం మరిచిపోకండి.

జనం తోసుకునే చోటు ఉంటే ఆ ఖర్చు మాత్రం ఎప్పుడూ తగ్గించకండి. 2015 జులై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజు పొద్దున, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 25 మందికి పైగా చనిపోయారు. మళ్లీ 2027లో పుష్కరాలు వస్తున్నాయి. గోదావరి ఒడ్డు పంచాయతీలూ మున్సిపాలిటీలూ ఇప్పటి నుంచే లోపలికి వెళ్లే దారి, బయటికి వచ్చే దారి వేరు చేసే పనికి డబ్బు పక్కన పెట్టాలి. కమాను కట్టడానికి కాదు.

అన్ని పండగలకూ ఒకే జాబితా

జాతరకు ఇచ్చారు, పీర్ల పండగకు ఇవ్వలేదు. పీర్ల పండగకు ఇచ్చారు, క్రిస్మస్‌కు ఇవ్వలేదు... ఈ గొడవ ఏటా వస్తుంది. పంచుకుంటూ పోతే ఎవరికీ తృప్తి ఉండదు. నీళ్లు, దీపాలు, మరుగుదొడ్లు, శుభ్రం. ఈ నాలుగూ జనం పోగయ్యే ప్రతి చోటా పంచాయతీ చేస్తుంది, ఇంకేమీ చెయ్యదు. అది గుడైనా, ఆషుర్‌ఖానా అయినా, చర్చి అయినా. జనం ఎక్కువ వచ్చేచోట ఎక్కువ ఖర్చవుతుంది, అంతే తేడా. ఏదో ఒక మతాన్ని పోషించడానికంటూ ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం అంటుంది. దాహానికి మతం లేదు గనక ఈ పద్ధతిలో ఆ పేచీయే రాదు. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగలో ఇది కళ్లారా చూడొచ్చు. బారాషహీద్ దర్గాకు వచ్చేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. చెరువులో దిగి రొట్టె మార్చుకునే ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదికి, తాగే నీటికి, ఘాట్ శుభ్రానికి నగరపాలక సంస్థ సిబ్బంది రాత్రింబవళ్లు పని చేస్తారు. ఎవరి మొక్కు వాళ్లది, నీళ్ల ట్యాంకరు అందరిదీ.

తప్పు లెక్కను కూడా చదివి వినిపించండి

తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభ రెండు నెలలకోసారైనా జరగాలంటుంది. జాతర తర్వాత వచ్చే మొదటి సభలో ఎజెండాలో మొదటి అంశం జాతర లెక్కే కావాలి. కార్యదర్శి గారు మొత్తాలు చదివితే చాలదు. వోచర్లు ఒక్కొక్కటీ చదవాలి: ఎవరికి, దేనికి, ఎంత. అంచనాకన్నా ఎక్కువైన వరుసల దగ్గర గొంతు తగ్గించకుండా ఇంకాస్త గట్టిగా చదవాలి. "ఇలా చేస్తే ప్రతిపక్షంవాళ్ల చేతికి కత్తి ఇచ్చినట్టే" అని మీ వాళ్లు భయపెడతారు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టి మూడు నెలల తర్వాత వాళ్లు అదే కాగితం తెచ్చుకుని చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ కాగితాన్ని మీరే చదివితే అది లెక్క, వాళ్లు చదివితే అది కుంభకోణం. చందాల లెక్క పంచాయతీది కాకపోయినా, ఉత్సవ కమిటీని అదే సభలో కూర్చోబెట్టి వాళ్ల లెక్కనూ చదివించండి. సర్పంచ్, ఉప సర్పంచ్ ఇద్దరి సంతకాలతోనే డబ్బు కదలాలన్న ఏర్పాటు ఆ చట్టంలో ఉంది. వాళ్లిద్దరికీ పొసగని ఊళ్లలో ఈ బహిరంగ సభే ఇద్దరినీ కాపాడుతుంది.

శాలువాల గురించి ఎక్కువ చెప్పను. ఎవరికీ వద్దు. అతిథుల జాబితా పొడవైతే కార్యక్రమం ఆలస్యమవుతుంది, ఎండలో కూర్చున్న పిల్లలు ఏడుస్తారు.

కూలీ పనికి ముందు ఇవ్వండి

పని చెయ్యకముందే కూలీ ఇవ్వమంటే ఏ కార్యదర్శీ ఒప్పుకోడు. అయినా అడుగుతున్నాను. తెలంగాణ పంచాయతీల్లో మల్టీపర్పస్ వర్కర్ల జీతం నెలకు 9,500 రూపాయలు, అదీ చాలాచోట్ల నెలలు గడిచాక వస్తుంది. జాతరనాడు ఊరంతా కొత్త బట్టలు కట్టుకుంటుంది. వాళ్లకు మాత్రం ఆ రోజు సెలవు లేదు. మర్నాడు పేగులెత్తేది వాళ్లే. పాత బకాయి మొత్తం జాతరకు వారం ముందు చెల్లించండి. జాతర రోజుల అదనపు పనికి నిబంధనల ప్రకారం ముందే కూలీ ఇవ్వలేకపోతే, ఉత్సవ కమిటీ చందాలోంచి ఇప్పించండి. అమ్మవారి పేర పోగైన డబ్బుకు అంతకన్నా తగిన ఖర్చు లేదు. గ్లౌజులు, గమ్‌బూట్లు, మాస్కులు, సబ్బులు, కొబ్బరినూనె ముందే కొని ఇవ్వండి. చేతికి అందాయని వాళ్ల సంతకాలు తీసుకోండి. మర్నాడు పొద్దున ఐదింటికి వాళ్లకు వేడి టిఫిన్, టీ ఎవరు తేవాలో పేరు రాయండి. మధ్యాహ్నం పన్నెండుకల్లా ఎండలో పని ఆపాలని, మిగిలింది సాయంత్రం చెయ్యాలని రాయండి. ఇవన్నీ నోటిమాటగా చెబితే జాతర సందడిలో కొట్టుకుపోతాయి. తీర్మానంలో, మొదటి వరుసలో, అంకెలతో సహా ఉండాలి.